నికోలా పాత వైన్ కేటలాగులు: బొమ్మలు సరే, ధరల పేజీలు ఉన్నాయో లేదో చూసి కొనండి

పారిస్‌లో నికోలా అని ఒక వైన్ షాపుల సంస్థ ఉంది, 1822లో లూయీ నికోలా అనే ఆయన మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది, 1988లో కస్తెల్ గ్రూప్ చేతికి వచ్చింది. వీళ్ళు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఒక పని మొదలుపెట్టారు. దగ్గర ఉన్న మంచి వైన్ల జాబితాని మామూలు రేట్ల కాగితంలా కాకుండా ఏడాదికో పుస్తకంలా, ఆ రోజుల్లో పేరున్న ఆర్టిస్టులతో బొమ్మలు వేయించి, పారిస్ పక్కన మోంరూజ్‌లో ద్రేజే అనే ప్రింటర్ల దగ్గర అచ్చు వేయించి కస్టమర్లకి పంపేవాళ్ళు. యుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్ళు కొనసాగించారు. ఆ కేటలాగుల గురించే ఈ రివ్యూ, కొనాలనుకునేవాళ్ళకి పనికొచ్చేలా రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. అందరూ వీటిని బొమ్మల కోసం కొంటారు, అమ్మేవాళ్ళు కూడా ఆర్టిస్ట్ పేరు పెద్దక్షరాల్లో పెట్టి అమ్ముతారు, కానీ వీటిలో అసలు సరుకు జాబితా పేజీలు. ఏ షాటో (అంటే సొంత ద్రాక్షతోట ఉన్న వైన్ ఎస్టేట్), ఏ సంవత్సరం, ఎంత ధర అన్నది వరసగా ఉండే ఆ పేజీలు లేకపోతే మిగిలేది ఒక అందమైన ఆల్బమ్ మాత్రమే. బొమ్మ పోస్టర్‌లో కూడా దొరుకుతుంది, రీప్రింట్‌లో కూడా దొరుకుతుంది, ఆ ఏడాది పారిస్‌లో ఒక వైన్ ప్రియుడి ముందు ఏమేం ఉన్నాయో, వాటిలో దేనికి ఎంత విలువ కట్టారో మాత్రం ఈ పేజీల్లోనే దొరుకుతుంది.

ఒక జాబితా పేజీ ఎలా ఉంటుందో చెప్తా. పైన ప్రాంతం పేరు ఉంటుంది, బోర్డో అనుకోండి, కింద షాటోల పేర్లు, పక్కన పంట సంవత్సరం, చివర్లో ధర. 1930ల నాటి లిస్టుల్లో అయితే 1800ల నాటి పాత సీసాలు కూడా అమ్మకానికి కనబడతాయి, అంటే అప్పటికే ఒక మనిషి జీవితకాలమంత పాతబడిన వైన్, దానికీ ఒక వరస, ఒక ధర. మొదటిసారి చూసినవాళ్ళు ఆ పాత సంవత్సరాల దగ్గరే ఆగిపోతారు, అది సహజమే, కానీ నాకు ఎక్కువ ఇష్టం వాటి కింద ఉండే మామూలు సంవత్సరాల వరసలు. ఎందుకంటే ఇప్పుడు అందరూ దేవుడిలా చూసే 1928, 1929 పంటలు ఆ లిస్టుల్లో ఇంకా కొత్త సరుకు, ఇది గొప్పది అవుతుందని చరిత్ర ఇంకా తీర్పు చెప్పలేదు, షాపువాడు తన నాలుకని నమ్మి ధర వేశాడు. యుద్ధం తర్వాతి లిస్టుల్లో 1945, 1947 వాటితో ఇదే ఆట మళ్ళీ చూడొచ్చు. 1956 ఫిబ్రవరిలో బోర్డోలో భయంకరమైన చలికి ద్రాక్ష తీగలు తోటలు తోటలుగా చచ్చిపోయాయి కదా, అలాంటి ఏడాది తర్వాత వచ్చిన లిస్టులు వరసగా తిరగేస్తుంటే ఏ సంవత్సరం ఎన్ని వరసల్లో ఉంది, ఏది అసలు లేదు అని వెతకడమే ఒక పని అయిపోతుంది, నాకైతే నవల చదివినంత సేపు పడుతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. 1960 జనవరి 1న ఫ్రాన్స్‌లో కొత్త ఫ్రాంక్ వచ్చింది, వంద పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంక్. అందుకని 1959కి ముందు లిస్టు ఒకటి, 1960 తర్వాత లిస్టు ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే ధరల్లో రెండు సున్నాలు ఒక్కసారిగా మాయమైపోతాయి. ఇది తెలియకుండా ఆన్‌లైన్‌లో ఒకాయన వైన్ అంత చవకయిపోయిందని పోస్ట్ పెట్టడం చూశా, పాపం. ధరలు పోల్చాలనుకునేవాళ్ళు ముందు ఇది గుర్తుపెట్టుకుని లెక్క మొదలుపెట్టాలి, తర్వాత ఫ్రాంక్ విలువ మధ్యమధ్యలో పడిపోయిన సంగతి కూడా కలుపుకోవాలి, అది వేరే కష్టం.

అలాగే సీసాలో ఎక్కడ పోశారు అన్న మాట. ఆ రోజుల్లో వైన్ పీపాల్లో వ్యాపారి దగ్గరకి వచ్చి, అక్కడ సీసాల్లోకి వెళ్ళడం మామూలు. షాటోలోనే మొత్తం పంట బాట్లింగ్ చేయడం బోర్డోలో పేరున్న మూతోన్ షాటో వాళ్ళు 1924లో గట్టిగా మొదలుపెట్టారు, తర్వాత మెల్లగా మిగతావాళ్ళు. కాబట్టి పాత లిస్టుల్లో షాటోలో నింపినది అని రాసి ఉందా లేదా అన్నది చిన్న మాట కాదు, ధర దాన్ని బట్టే మారేది. నికోలా లాంటి పెద్ద వ్యాపారికి పారిస్ పక్కన షారెంతోన్‌లో సొంత సెల్లార్లు ఉండేవి, వాళ్ళ పేరే ఒక భరోసా. ఇదంతా తెలిసి చదివితే ఒక్కో వరస వెనక ఎంత వ్యాపారం ఉందో అర్థమవుతుంది.

సరే, బొమ్మల సంగతికొద్దాం, వాటిని తక్కువ చేయట్లేదు, బొమ్మలు లేకపోతే ఈ కేటలాగులు ఎవరూ దాచుకునేవాళ్ళు కాదు, చెత్తబుట్టలోకి పోయేవి.

నికోలాకి ఒక గుర్తు మనిషి ఉన్నాడు, పేరు నెక్టార్. ద్రాన్సీ అనే పోస్టర్ ఆర్టిస్ట్ 1922లో వేశాడు, సీసాలు డెలివరీ చేసే నడివయసు మనిషి, రెండు చేతుల్లో విసనకర్రలా విచ్చుకున్న సీసాల గుత్తులు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని మనవైపు చూస్తుంటాడు. 1935లో కస్సాంద్ర్ అదే మనిషిని తీసుకుని పోస్టర్ చేస్తే చుట్టూ రంగు పట్టీలు అలల్లా అలల్లా పరుచుకుని గోడ మొత్తం కంపించినట్టు ఉంటుంది. కస్సాంద్ర్ అంటే నోర్మాందీ ఓడ పోస్టర్ వేసినాయన, ద్యుబొనే అనే మద్యం పోస్టర్ వేసినాయన. కేటలాగులకి కూడా ఆయన పనిచేశాడు. ఆయన చేసినవి చూస్తే అక్షరాలు, ఖాళీ జాగా, బొమ్మ మూడూ ఒకే చేతి నుంచి వచ్చినట్టు తెలుస్తుంది, బొమ్మ వేరే అచ్చు వేరే అన్నట్టు ఉండదు, అందుకే నా లెక్కలో మొత్తం వరసలో ఆయనవే మొదటి స్థానం.

యుద్ధం తర్వాత వాన్ దోంగెన్, బెర్నార్ బ్యూఫే లాంటి పేర్లు వస్తాయి. బ్యూఫే ఉన్న కేటలాగ్‌కి రేటు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, ఆ నల్లటి గీతలు, కోసుగా ఉండే ఆకారాలు చూడగానే ఎవరివో తెలిసిపోతాయి కాబట్టి గోడకి తగిలించుకునేవాళ్ళు ఎగబడతారు. నాకు బ్యూఫే అంటే గౌరవమే, కానీ కేటలాగ్‌గా చూస్తే బొమ్మలు జాబితాతో పెద్దగా మాట్లాడవు, ఆయన తన పని తను చేసుకుపోయాడు అనిపిస్తుంది. అదే డబ్బుకి అంత పేరు లేని ఆర్టిస్టుల సంవత్సరాలు రెండు మూడు వస్తాయి, నేనైతే అటే వెళ్తా.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. నికోలా వాళ్ళు ఏటా వచ్చే లిస్టులే కాకుండా ప్రచారం కోసం వేరే పుస్తకాలు కూడా వేశారు. పోల్ ఇరీబ్ బొమ్మలతో 1930 నుంచి 1932 మధ్య మూడు వచ్చాయి, తెలుపు-ఎరుపు ఒకటి, గులాబీ-నలుపు ఒకటి, నీలం-తెలుపు-ఎరుపు ఒకటి. ఇరీబ్ గీత గురించి చెప్పక్కర్లేదు, 1908లోనే పోల్ ప్వారే ఫ్యాషన్ బట్టలకి బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు, ఇక్కడ రంగులు తక్కువ వాడి పేజీని నిండుగా ఎలా నింపాలో చూపిస్తాడు. జెండా రంగుల పేరున్న మూడోదాంట్లో జాతి గర్వం పాలు నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది, కానీ పనితనం మాత్రం తిరుగులేదు. 1936లో వైన్‌ని డాక్టర్‌గా పొగుడుతూ ఒక పుస్తకం వేశారు, రావుల్ ద్యూఫీ నీటిరంగుల బొమ్మలతో, ముందు మాటగా ఫ్రెంచ్ సైన్యాధిపతి మార్షల్ పెతాఁ వైన్‌కి అర్పించిన నివాళి. లోపల వైన్ తాగితే ఆరోగ్యం అని డాక్టర్ల మాటలు. ఇప్పుడు అలాంటి ప్రచారం ఫ్రాన్స్‌లో కుదిరే పని కాదు, 1991 నాటి ఎవాఁ చట్టం మద్యం ప్రకటనలకి గట్టిగా హద్దులు పెట్టింది. ఆ ఆరోగ్యం మాటలు ఎవరూ సలహాగా తీసుకోవద్దు, ఆ కాలం ఎలా ఆలోచించిందో తెలుసుకోవడానికి చదవాలి, ద్యూఫీ రంగుల కోసం చూడాలి. ఆ రంగులు చాలా తేలిగ్గా, గీత ఒకచోట రంగు ఇంకోచోట జరిగినట్టు ఉంటాయి, ఎంతసేపు చూసినా బరువు అనిపించవు.

ఇవన్నీ గొప్పవే, కానీ వీటిలో ధరల జాబితా ఉండదు. లిస్టింగ్‌లో నికోలా, 1930లు, ఇరీబ్ అని కనబడగానే కేటలాగ్ అనుకుని డబ్బు పెట్టేయకండి, వార్షిక లిస్టు కావాలంటే గ్రాండ్ వైన్ల జాబితా అని టైటిల్ పేజీలో ఉందా చూడండి. ద్యూఫీ పుస్తకానికి 2003లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ ఇంగ్లీష్‌తో రీప్రింట్ కూడా వేసింది, అది చక్కగానే ఉంటుంది, చదువుకోవడానికి అదే నయం, కాకపోతే పాతదాని రేటుకి ఎవరైనా అమ్మబోతే మాత్రం జాగ్రత్త.

అసలుదో కాదో, ఎలా అచ్చు వేశారో తెలుసుకోవడానికి ఒక భూతద్దం చాలు, పది రెట్లు పెద్దది చేసి చూపించేది. రంగు ఉన్న చోట పెట్టి చూడండి. చిన్న చిన్న చుక్కలు పువ్వుల్లా గుంపులు కట్టి కనిపిస్తే అది నాలుగు రంగుల ఆఫ్‌సెట్, ఈ కాలపు రీప్రింట్ అలాగే ఉంటుంది. రంగు మొత్తం ఒకే పొరలా పరుచుకుని అంచు దగ్గర కొంచెం దిబ్బకట్టి ఉంటే అది పోషువార్, అంటే స్టెన్సిల్ రేకు పెట్టి చేత్తో వేసిన రంగు, వేలు తగిలితే పొడి సున్నంలా అనిపిస్తుంది (తాకమని చెప్పట్లేదు). లితో, అంటే రాతి అచ్చు అయితే రాయి మీద క్రేయాన్ గీసిన గరుకుదనం లాంటి రేణువులు కనబడతాయి. మొదట్లో తేడా తెలియదు, ఒక పాత పోస్ట్‌కార్డు, ఒక ఇప్పటి మ్యాగజైన్ పక్కన పెట్టుకుని చూస్తే కళ్ళకి అలవాటు అవుతుంది.

ఇప్పుడు కొనే చోట్ల గురించి. పారిస్ వెళ్ళగలిగినవాళ్ళకి జార్జ్ బ్రాసెన్స్ పార్క్‌లో శని ఆదివారాల పాత పుస్తకాల సంత నా ఓటు. పైకప్పు కింద బల్లలు, వెలుతురు బాగుంటుంది, పుస్తకం చేతిలోకి తీసుకుని ఆకు ఆకు తిప్పి చూసినా ఎవరూ విసుక్కోరు, బేరం మర్యాదగా ఆడొచ్చు. సేన్ నది ఒడ్డున ఆకుపచ్చ పెట్టెల బుకినిస్తుల (పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ) దగ్గర చూడటానికి బాగుంటుంది కానీ అక్కడ ఎండ, తేమ రెండూ కాగితానికి పడవు, దొరికినా కవర్ రంగు వెలిసిపోయి ఉంటుంది. సెంత్-ఊఆన్ పాత సామాన్ల మార్కెట్‌లో అలంకరణ కోసం కొనేవాళ్ళు ఎక్కువ కాబట్టి రేటు కూడా అలాగే చెప్తారు, పైగా విడి పేజీలు ఫ్రేమ్ కట్టి వేలాడదీసి ఉంటాయి, అది చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది, ఎందుకంటే అందులో ప్రతి ఫ్రేమ్ వెనక ఒక కోసేసిన కేటలాగ్ ఉంది. పారిస్‌లోని ద్రువో వేలంశాలలో గుత్తగా, అంటే పది పన్నెండు సంవత్సరాల లిస్టులు ఒకే లాట్‌గా వస్తుంటాయి, సుత్తి పడిన రేటు మీద కమీషన్ కలుస్తుంది అది మర్చిపోవద్దు, కానీ వరసగా సంవత్సరాలు కావాలంటే అదే దారి.

ఆన్‌లైన్ సంగతి అంత సాఫీ కాదు. ఒక సెల్లర్ దగ్గర 1930ల లిస్టు ఒకటి, పూర్తిగా ఉంది, పరిస్థితి బాగుంది అని రాసి ఉంటే తెప్పించా. కవర్ నిజంగానే మెరుస్తోంది. లోపల తిప్పుకుంటూ వెళ్తే బోర్డో మధ్యలో పేజీ నంబర్లు దూకాయి. బైండింగ్ దగ్గరికి తెరిచి చూస్తే వెంట్రుకవాసి వెడల్పులో కాగితం అంచులు నిటారుగా నిలబడి ఉన్నాయి, బ్లేడుతో కోశారు, అంత నీటుగా కోశారు. బొమ్మలు ఎవరికో ఫ్రేముల కోసం పోయాయి, వాటి వెనక పక్కన అచ్చయిన ధరలు కూడా వాటితోపాటే పోయాయి. అడిగితే వైన్ కేటలాగ్‌కి పేజీలు ఎవరు లెక్కపెడతారండీ అని సమాధానం. నేను లెక్కపెడతా. వాపస్ పంపించి డబ్బు తెచ్చుకోవడానికి చాలా మెయిళ్ళు రాయాల్సొచ్చింది. అందుకని ఇప్పుడు ఎవరి దగ్గర కొన్నా ముందే మూడు ఫోటోలు అడుగుతున్నా: టైటిల్ పేజీ, మధ్యలో బైండింగ్ పూర్తిగా తెరిచి ఒకటి, చివరి జాబితా పేజీ. పంపనన్నవాళ్ళ దగ్గర కొనను, ఎంత మంచి రేటైనా సరే.

పరిస్థితి చూసేటప్పుడు కొన్ని సంవత్సరాలవి స్పైరల్ బైండింగ్‌తో ఉంటాయి, అక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. లోహపు తీగ అయితే తుప్పు పట్టి కన్నాల చుట్టూ గోధుమ రంగు మరక దిగుతుంది, ప్లాస్టిక్ అయితే పెళుసెక్కి పళ్ళు ఒక్కొక్కటే విరుగుతాయి, బలవంతంగా తెరిస్తే పేజీల కన్నాలు చిరిగిపోతాయి. విరిగిందని కొత్త స్పైరల్ వేయించకండి, విలువ పోతుంది, ఉన్నది ఉన్నట్టు ఉంచి తక్కువ తెరవడమే మంచిది. పేజీల మీద అక్కడక్కడా తుప్పు చుక్కల్లాంటి మచ్చలు ఉంటే భయపడక్కర్లేదు, పాత కాగితానికి అది మామూలే, బొమ్మ మీద లేకపోతే చాలు. ఎవరో పాత యజమాని పెన్సిల్‌తో కొన్ని వైన్ల పక్కన టిక్కులు పెట్టి ఉంటే డీలర్లు దాన్ని లోపం కింద రాసి రేటు తగ్గిస్తారు, నాకు అవి ఉన్నవే ఎక్కువ ఇష్టం. ఒకదాంట్లో ఎవరో బుర్గుండి (ఇంకో వైన్ ప్రాంతం) పేజీలో నాలుగైదు పేర్లకి గీత గీసి, చివరికి అన్నిటికన్నా చవకైన దాని పక్కన సీసాల సంఖ్య రాసుకున్నారు. పెళ్ళికో పండక్కో లెక్క వేసుకుని ఉంటారు, ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నా.

దాచుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. యాసిడ్ లేని కాగితపు కవరులో పెట్టి, పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి మరీ ఎత్తుగా పేర్చకుండా, ఎండ తగలని పొడి చోట పెడితే చాలు. మామూలు పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నాళ్ళకి జిడ్డు దిగి సిరాకి అంటుకుంటాయి. సెల్లోటేప్ అసలు వద్దు, చిరిగినా సరే. మీ నోట్స్ ఏమైనా ఉంటే విడి కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

కొనకుండా చూడాలనుకుంటే పారిస్‌లో ఫోర్నే లైబ్రరీ ఉంది, మారే ప్రాంతంలో సాంస్ భవనం అనే పాత కోటలాంటి ఇంట్లో. వ్యాపార కేటలాగులు, పోస్టర్లు దాచిపెట్టడం దాని ప్రత్యేకతల్లో ఒకటి. డబ్బు పెట్టేముందు ఒకసారి అలాంటి చోట పూర్తి ప్రతి ఎలా ఉంటుందో చూసి వస్తే, ఎన్ని పేజీలు, బొమ్మ ఎక్కడ వస్తుంది, జాబితా ఎక్కడ మొదలవుతుంది అన్నది మనసులో పడుతుంది, తర్వాత ఏ సెల్లరూ మోసం చేయలేడు.

మార్కులు వేయమంటే అచ్చు పనికి ఐదుకి ఐదు, బొమ్మలకి సంవత్సరాన్ని బట్టి మూడు నుంచి ఐదు, జాబితాకి ఐదుకి ఐదు, దొరికే ప్రతుల పరిస్థితికి రెండున్నర, అది కేటలాగ్ తప్పు కాదు, కోసేవాళ్ళ తప్పు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇరీబ్, కస్సాంద్ర్ వెంట పడకుండా 1950ల చివరిది ఒకటి, 1960ల మొదటిది ఒకటి తీసుకోండి, ఇవి తేలిగ్గానే దొరుకుతాయి, రేటు కూడా అందుబాటులో ఉంటుంది. ఒకే షాటో, ఒకే పంట సంవత్సరం రెండిట్లో ఉందేమో వెతకండి, ఉంటే పాత ఫ్రాంకుల్లో ఎంత, కొత్త ఫ్రాంకుల్లో ఎంత, రెండు సున్నాలు తీసేశాక నిజంగా పెరిగిందా తగ్గిందా చూడండి. ఆర్డర్ పెట్టేటప్పుడు మాత్రం రెండు గట్టి అట్టల మధ్య, మూలలకి మెత్త పెట్టి పంపమని సెల్లర్‌కి రాయండి, పల్చటి కవరులో వస్తే మూలలు నలిగి వస్తున్నాయి.